వంకర తీసిన రీమర్లు

తిరిగొచ్చిన రీమరును వంకర కొలిచే గేజీ కింద పెట్టి ఒక్క చుట్టు తిప్పిందో లేదో, నిటారుగా ఉందని తాను సంతకం చేసి పంపిన ఆ పనిముట్టు వంకరపోయి ఉందని సుధేష్ణకు తెలిసిపోయింది.

రైఫిల్ గొట్టంలో తూటా కూర్చునే చోటును చాంబర్ అంటారు. దాన్ని తొలిచేది రీమరే. అది వెంట్రుకవాసి వంగినా చాంబర్ వదులైపోతుంది. ఈ రీమరుతో తొలిచిన రైఫిల్‌ను కాజిల్‌బార్ అనే ఊళ్ళో తుపాకులు తయారుచేసే డెక్లన్ పరీక్షకని పేల్చాడు. తూటా ఇత్తడి తొడుగు చిట్లింది. వేడి గ్యాసు వెనక్కి తన్నింది. అతని కుడికన్ను పోయింది.

ఐర్లండ్‌లో, షానన్ పట్నంలోని ఆ చిన్న పనిముట్ల కర్మాగారంలో తనిఖీ సుధేష్ణదే. యజమాని బ్రెండన్ గొంతు పెంచలేదు. అదే ఆమెను భయపెట్టింది.

“సంతకం నీదే కదా? సాయంత్రంలోగా కారణం చెప్పు. లేదంటే రేపు రావద్దు” అని వెళ్ళిపోయాడు.

ఉద్యోగం పోతే వర్క్ పర్మిట్టూ పోతుంది. పక్కనే జానకిరామ్ నిలబడి ఉన్నాడు. రీమర్లను కాచి గట్టిపరిచే కొలిమి పని ఆయనది. ఆమెను ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే.

“ఆదమరిచి ఉంటావమ్మాయ్. ఇంట్లో చంటిపిల్ల, నిద్రుండదు, ఎవరికైనా జరిగేదే. ఒప్పేసుకో. సారీ అంటే కరిగిపోతారు వీళ్ళు.”

“మీదీ అదే మాటా అంకుల్?”

“నా మాట విను. అంతా గ్రాండ్‌గా సర్దుకుంటుంది.”

గ్రాండట, ‘బాగానే ఉంది’ అనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాట! సుధేష్ణకు ఒళ్ళు మండింది. రీమరును భూతద్దం కింద పెట్టింది. కాడ మీద గింజంత నొక్కు. పైన నునుపు చేసి దాచారు. అలమరలో మిగిలిన సరుకు తీసి చూసింది. వాటి మీదా అవే నొక్కులు. గేజీ కింద మాత్రం అన్నీ నిటారుగానే తిరిగాయి. అంటే వంగినవాటిని ఎవరో ప్రెస్ యంత్రంలో నొక్కి తిన్నగా చేశారు. నొక్కి సరిచేసిన గట్టి ఉక్కు వేడి తగిలితే, అది తొలిచేటప్పుడు పుట్టే వేడైనా సరే, మళ్ళీ పాత వంకరకే పోతుంది.

ఆమె బ్రెండన్‌ను పిలుచుకొచ్చి, ఆ రీమర్లలో ఒకటి జానకిరామ్ ముందు పెట్టింది.

“దీన్ని మీ కొలిమిలో సన్నసెగన కాచండి అంకుల్. చల్లారాక మళ్ళీ కొలుస్తాను.”

“పకోడీయా తల్లీ, రెండోసారి వేయించడానికి?” అని నవ్వాడు గానీ చెయ్యి ముందుకు రాలేదు.

సుధేష్ణ తానే కొలిమి తలుపు తీసింది. జానకిరామ్ వచ్చి ఆ తలుపు మూసేశాడు. బ్రెండన్ మొహం చూడలేక, ఆమె వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు:

“నువ్వే చెప్పు ఆయనకి. వీటిని కొలిమిలో నిలువుగా వేలాడదీయాలి. ఒకే వాయిలో ఎక్కువ పడతాయని పడుకోబెట్టాను. వంగిపోయాయి. పారేస్తే ఇన్నేళ్ళ పేరు పోతుందని ప్రెస్‌లో నొక్కాను. నువ్వు సరిగ్గానే కొలిచావు. డెక్లన్ కన్ను పోయిందని తెలిశాక కూడా నోరు విప్పలేదు. నువ్వు చిన్నదానివి, ఇంకోచోట పని దొరుకుతుందిలే అనుకున్నాను. తప్పు తనిఖీదని బ్రెండన్ చెవిలో వేసింది కూడా నేనే.”