తెగే గొలుసు

బెల్టు ఆపకుండానే కింద ఊడవమన్నాడు సూపర్‌వైజరు. ఆపితే లోడు లేటవుతుందట. పాల్వంచ దారిలోని ఆ ప్రైవేటు క్రషర్‌లో, బొగ్గు మోసే బెల్టు కింద జోజమ్మ నడుం వంచి చీపురు ఆడిస్తోంది. నెత్తికి జానెడు ఎత్తున రోలర్లు గిర్రున తిరుగుతున్నాయి. రెండో చేత్తో మెడలోని పుస్తెలను రవికలోకి నొక్కి పట్టుకుంది. దీనికి రోజు కూలి డెబ్బై రూపాయలు.

పదకొండు రోజుల కింద ఇక్కడే ఊడవడానికి తోటి కూలి జంపక్క వంగింది. ఆమె పుస్తెల గొలుసు బయటికి జారి రోలర్లో చిక్కింది. తెగి ఉంటే మనిషి బతికేది. అది తెగలేదు. బెల్టు ఆపేసరికే అంతా అయిపోయింది. తప్పంతా చనిపోయినామెదేనని ఆఫీసులో రాసుకున్నారు, మర్నాడు పొద్దున్నే అదే బెల్టు తిప్పారు. అప్పటినుంచి ఆ చోటు ఊడవడం జోజమ్మ వంతుకొచ్చింది.

రెండింటికి షిఫ్టు దిగి గేటు దాటితే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మొగుడు శాంతికుమార్ నిలబడి ఉన్నాడు. బొగ్గు బావిలో కాంట్రాక్టు కూలి. పెళ్లయిన ఏడేళ్లకు చీటీ ఎత్తి పెళ్లాం పుస్తెలకు పసుపుతాడు బదులు బంగారు గొలుసు కొనబోతున్నాడు. ఆ సంబరం మొహంలో దాగడం లేదు. పోయిన ఏడు జోజమ్మ పసుపుతాడు తెగిన మూడో రోజే బావిలో పైకప్పు పెళ్ల ఊడి అతని కాలి మీద పడింది. అతని తల్లి ఆ రెండిటికీ ముడిపెట్టింది. తాతల కాలంలోనే దేవుణ్ణి మార్చుకున్న ఇల్లు, ఆదివారం చర్చి తప్పదు. పుస్తెలు తెగితే మొగుడికి కీడన్న భయాన్ని మాత్రం ఎవరూ మార్చుకోలేదు.

కొత్తగూడెం బస్సులో జోజమ్మ మెల్లగా అడిగింది, పనికి పోయే పూట పుస్తెలు తీసి ఇంట్లో పెట్టి పోతానని.

"నేను బావిల దిగినంకనా?" అన్నాడు శాంతికుమార్. "నేను కింద ఉంటే నువ్వు బోసి మెడతోటి తిరుగుతవా?"

అతని గొంతులో కోపం లేదు. భయముంది.

బంగారం కొట్లో మోతీలాల్ సేటు బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి గొలుసులు పేర్చాడు. అప్పట్లో తులం ఎనిమిదిన్నర వేలు. శాంతికుమార్ ఒక్కోటీ ఎత్తి, ఏది గట్టిదని మాత్రమే అడుగుతున్నాడు. సేటు తాడులా అల్లిన గొలుసొకటి తీసి రెండు చేతులతో బలంగా గుంజి చూపించాడు. పిల్లలు పట్టుకుని వేలాడినా దీనికేం కాదన్నాడు. ఇదే కావాలన్నాడు శాంతికుమార్.

గుంజిన ఆ గొలుసును చూడగానే జోజమ్మ చెయ్యి మెడ మీదికి పోయింది. జంపక్కను బయటికి తీసిన నలుగురిలో తానూ ఉంది. మెడ మీద ఏ గుర్తు పడిందో తను చూసింది.

"సేటూ, జల్ది తెగేదేది?" అంది.

సేటు తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. అతను అయిష్టంగా దారమంత సన్నని గొలుసొకటి బయటికి తీసి, ఇది రోజూ వాడకానికి పనికిరాదమ్మా, చిన్నపిల్లల మెడలోకి కొంటారన్నాడు.

"నాకు గదే గావాలె."

శాంతికుమార్ మొహం పాలిపోయింది. సేటు వినకుండా గొంతు తగ్గించాడు.

"తెగితే నాకు కీడు గాదె, జోజీ?"

"తెగకుంటే నాకు."

అతను గట్టి గొలుసునే తూకం వేయమన్నాడు. సేటు తూచాడు. మెడలో వేసి సైజు చూసుకోండంటూ అతని చేతికిచ్చాడు. శాంతికుమార్ కొక్కెం విప్పి ఆమె వైపు తిరిగాడు. జోజమ్మ ఒకడుగు వెనక్కి వేసి, కొంగు మెడ చుట్టూ చుట్టుకుంది. ఏడేళ్లలో అతని మాటకు ఎదురు నిలబడటం ఇదే మొదలు.

"ఈ మెడల అది వెయ్యనియ్య" అంది.

"రేపు ఫస్ట్ షిఫ్టుకు దిగాలె నేను" అన్నాడతను, బతిమాలుతున్నట్టు.

"నేను గూడ ఫస్ట్ షిఫ్టుకే పోవాలె."

సేటు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. విప్పిన కొక్కెంతో గొలుసు శాంతికుమార్ చేతుల మధ్య వేలాడుతూనే ఉంది.