వంకర రాని ప్రమిద

లక్ష్మణమ్మ మట్టి తొక్కుతోంది. మోకాళ్ళు కలుక్కుమంటే "ఏటర్రా, ఇంకొన్నాళ్ళు మొయ్యలేరా?" అని వాటినే కసిరింది. శృంగవరపుకోటలో, పక్షవాతం వచ్చినవాళ్ళకి కసరత్తు చేయించే పెంకుటింట్లో ఆమె ఆయా. రాళ్ళేరి, ముద్దలు చేసి, పడిపోయిన చేతుల్లో పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కించాలి. పొద్దస్తమానం అందరి చేతులూ పట్టుకునే మనిషి. మొగుడు పోయాక తన చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు. అందుకు దిగులు పడదామన్నా ఓపిక ఉంటే కదా!

జగదీశ్వరిగారిని కూతురు కౌముది దింపి వెళ్ళింది. ఊళ్ళో ఆడపిల్లలకి వీణ నేర్పిన ఆవిడకి వేసవిలో మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. నెలల తరబడి ముద్ద పెట్టడం, జారిపోవడం, ఇదే తంతు. ఆ చెయ్యి తనంతట తాను ఒక్కటంటే ఒక్కటి చేస్తే చూడాలని కౌముది ఆశ.

"నొక్కండమ్మా. పాఠం అప్పజెప్పని పిల్ల బుగ్గనుకోండి," అంటూ లక్ష్మణమ్మ, తన రెక్క నొప్పితో లాగేస్తుంటే, చెయ్యి కాస్త పక్కకి తీసింది. అప్పుడు కదిలింది ఆవిడ బొటనవేలు. మెల్లగా ముద్ద నడుమకి దిగింది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన, అంచు కుంగిన వంకర ప్రమిద.

"ఓలమ్మో! సేసినారే!"

ఆవిడ మూతి పక్కకి లాగి నవ్వారు. లక్ష్మణమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం ఆవిడని ఇంటికి తీసుకెళ్తున్న ఆటో సోములుకి కేకేసింది: "అమ్మగారు పెమిద సేసినారని అమ్మాయిగారికి సెప్పు. రేపొచ్చి సూడమను!"

సాయంత్రానికి లక్ష్మణమ్మకి నడుం పట్టేసింది. కుమ్మరింట పుట్టిన చేతులు దీపాలవేళకి పచ్చిమట్టి బయట వదలవు. బల్ల మీదున్నవన్నీ తొట్టిలో వేసి, నీళ్ళు చల్లి, పిసికి, తడిగోనె కప్పేసింది. ఏవి ఎవరివో చూడనైనా లేదు.

అప్పుడు గుమ్మంలో కౌముది.

"మధ్యాహ్నం అమ్మ పడుకుంది లక్ష్మణమ్మా. ఇక లేవలేదు," అంది. "అమ్మ ఏదో చేసిందట, సోములు చెప్పాడు. అది ఇస్తావా, ఉంచుకుంటాను."

లక్ష్మణమ్మకి తొట్టి గుర్తొచ్చింది. "ఉండండమ్మా, తెస్తాను," అని లోపలికి పోయి గుప్పెడు మట్టి తీసింది. ఏముంది, ప్రమిదే కదా! బొటనవేలు దించి తిప్పితే గుండ్రంగా వచ్చింది. వంకర చేద్దామని నొక్కితే, కావాలని నొక్కినట్టే ఉంది. చెరిపేసి ఎడమచేత్తో చేసింది. అదీ చక్కగానే వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన చేతుల మీద అంత కోపం ఆమెకి రాలేదు.

ఉత్త చేతులతో బయటికొచ్చింది.

"తొట్లో కలిపేసినానమ్మా. సేతులకి అలవాటు. మతి లేదు నాకు," అని బావురుమంది.

కౌముది తిట్టలేదు. తిట్టినా బాగుండును.

"తనే చేసిందా? నువ్వు చెయ్యి వెయ్యలేదా?"

"లేదమ్మా. ఆరి సెయ్యే."

కౌముది తలూపి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

లోపల తను ఎడమచేత్తో చేసినదాన్ని తొట్లో వెయ్యడానికి లక్ష్మణమ్మకి చెయ్యి రాలేదు. బల్ల మీద ఆ ప్రమిద అలాగే ఉంది, ఎక్కడా వంకర లేకుండా, నున్నగా.