రూప్లి వేలిముద్ర

పొద్దున ఆరింటికి మొదలైన నొప్పులు పదకొండయ్యేసరికి అయిదు నిమిషాలకొకటి వస్తున్నాయి. ములకలపల్లి అవతలి తండా నుంచి ఆటోలో వచ్చిన సువర్ణ, సర్కారు దవాఖానా కాన్పుల గదిలో గోడకు బిగించిన కమ్మీ పట్టుకుని నిలబడింది. అత్త రూప్లి కోడలి నడుముకు అరచెయ్యి ఆనించి, నొప్పి వచ్చినప్పుడల్లా కిందికి రాస్తోంది. ఆ అత్తను సువర్ణ యాడీ అని, అంటే అమ్మా అని పిలుస్తుంది.

రూప్లికి ఆ గది నచ్చింది. కూర్చోవడానికి పీట ఉంది, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే తాడు ఉంది. తండాలో మంత్రసానిగా ఉన్నప్పుడు ఆమె కూడా వాసానికి తాడు కట్టేది. నూట ఎనభై మంది పిల్లలు ఆ చేతుల్లో పడ్డారు. కాన్పుకు ఒక చీర, శేరు జొన్నలు, అదే కూలి. తర్వాత ఆశా వర్కర్ వచ్చి ఇంటి కాన్పులు చెయ్యొద్దంది, చేస్తే కేసవుతుందని ఊళ్లో పెద్దమనుషులు భయపెట్టారు. రూప్లి మిరప తోటల్లో కాయ ఏరే కూలికి మళ్లింది. తన పనినే చదువుకున్న పిల్ల ఒకతె జీతానికి చేస్తుంటే చూడటం ఆమెకు వింతగానూ, కొంచెం ఉక్రోషంగానూ ఉంది.

ఆ పిల్ల నాగలత. డాక్టర్ కాదు, మామూలు కాన్పులు చేయడానికే ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్న నర్సు. పొట్ట తడిమి, గుండె చప్పుడు విని నవ్వింది.

"తల కిందికే ఉంది. మంచిగ దిగుతాంది."

"అవ్, నేను పొద్దుగాలనే చూసిన బిడ్డా" అంది రూప్లి.

నాగలత చీర కుచ్చిళ్లు కొంచెం కిందికి జరిపింది. పొత్తికడుపు మీద అడ్డంగా పాత కోత మచ్చ కనిపించేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"ముందుగాల ఆపరేషన్ అయ్యిందా? ఈ గది ఆపరేషన్ అయినోళ్లకు కాదమ్మా. కార్డేది?"

నెలనెలా పరీక్షలు రాసే ఆ కార్డు రూప్లి సంచిలోనే ఉంది. ఖమ్మం పెద్ద దవాఖానాకే పోవాలని దాని మీద ఎర్ర ముద్ర వేసి మరీ రాశారు. ఈసారి నీ చేతుల్లోనే కంటానని సువర్ణ నెల రోజులుగా ఏడుస్తుంటే, ఆ మచ్చకు భయపడి రూప్లి ఒప్పుకోలేదు. అట్లాగని మళ్లీ కోతకు పంపడానికీ మనసు రాలేదు. తాడూ పీటా ఉన్న గది ఉందని విని, కార్డు దాచి ఇక్కడికి తెచ్చింది. తప్పు చేస్తున్నానని తెలిసే తెచ్చింది.

ఇప్పుడు కార్డుతో పాటు మూడేళ్ల నాటి ప్రైవేటు ఆసుపత్రి కాగితం కూడా తీసి ఇచ్చింది. నాగలత రెండుసార్లు చదివింది.

"అప్పుడెందుకు కోసిన్రమ్మా?"

"బిడ్డ గుండె చప్పుడు తగ్గుతాందని చెప్పిన్రు. జల్దీ వేలు పెట్టు, లేకుంటే దక్కడన్నరు. పెట్టిన."

"ఇందుల గట్ల లేదు. ఇంటోళ్లు అడిగిన్రు కాబట్టి ఆపరేషన్ చేసినమని ఇంగ్లీషుల రాసిన్రు. కింద నీ వేలిముద్ర ఉంది."

రూప్లి ఆ నీలం మరకను చూసింది. అది తన వేలే.

మూడేళ్ల కింద మణుగూరు గనుల్లో కాంట్రాక్టు పని దొరికిన కొడుకు శ్రీను, తన పెళ్లాం గుడిసెలో కనడం నామోషీ అన్నాడు. ఊళ్లో సూదులు వేసే డాక్టరు తన కార్లోనే ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయి దించాడు. అట్లా దించినందుకు అతనికి ఆసుపత్రి ఇచ్చే వాటా ఉంటుందని అప్పుడు ఎవరికీ తెలియదు. పదింటికి చేరారు, పన్నెండింటికి కోశారు. బిల్లు అరవై అయిదు వేలు. ఆ తర్వాత ఏడాది పాటు సువర్ణ నీళ్ల బిందె ఎత్తలేకపోయింది. కాగితం మీద వేలు పెట్టడానికి కాసేపటి ముందే రూప్లి కోడలి పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల బిడ్డ బలంగా తన్నాడు. చేతికి తెలిసిన సంగతి నోటిదాకా రాలేదు. అంత పెద్ద డాక్టరమ్మ కంటే మంత్రసానికి ఎక్కువ తెలుసా అనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పుడు ఆమె సిగ్గుతో చచ్చిపోతోంది.

"నువ్వు అడిగినవా యాడీ?" అంది సువర్ణ.

"లేదు బిడ్డా. నేనడగలే."

ఈ దవాఖానా డాక్టరమ్మ వచ్చింది. పొద్దుటినుంచి నిలువు కాళ్ల మీద ఉన్న మనిషి. మచ్చ చూసింది, కాగితం చూసింది, గడియారం చూసింది.

"మామూలు కాన్పుకు ఆగి చూడొచ్చు. కానీ ఆగాలంటే మత్తు డాక్టరూ, రక్తమూ రెడీగా ఉండాలి. మత్తు డాక్టరు రెండింటికి వెళ్లిపోతారు, ఆయన ఇంకో రెండు దవాఖానాలు చూసుకోవాలి. ఆ తర్వాత పాత కుట్టు విడిపోతే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. ఖమ్మం రెండు గంటల పైన పడుతుంది, దారిలో ఏమైనా కావచ్చు. ఇప్పుడే ఆపరేషన్ చేద్దాం."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. బాధంతా అదే. మూడేళ్ల కింద అక్కర్లేకుండా కోసిన కోత, ఇవాళ్టి కోతను తప్పనిసరి చేసి కూర్చుంది.

శ్రీనుకు ఫోన్ చేస్తే, "వాళ్లు చెప్పినట్టు చెయ్యి, షిఫ్టు దిగి వస్త" అని పెట్టేశాడు.

సువర్ణ అత్త చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పోదాం యాడీ. నువ్వే చెయ్యి."

రూప్లి చెయ్యి విడిపించుకుని రెండు చేతులూ కొంగులో దాచుకుంది. నూట ఎనభై కాన్పుల్లో ఎవరికీ లేదనని మనిషి.

"నావల్ల కాదు బిడ్డా. లోపటి కుట్టు నా చేతికి అందదు."

సువర్ణ గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఒంటిగంటా ఇరవై అయింది. వార్డు నర్సు అచ్చు వేసిన కాగితం, నీలం సిరా డబ్బా తెచ్చి రూప్లి ముందు పెట్టింది.

"వేలు పెట్టమ్మా. టైం లేదు."

రూప్లి బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"ఏంది, ఇంకా ఏంది?"

"ముందుగాల అందుల ఏం రాసిందో నా కోడలికి చదివి చెప్పున్రి. కడుపు దానిది. పెట్టేదుంటే అదే పెడతది."

వార్డు నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ గడియారం వైపు చూసింది. నాగలత కాగితం అందుకుని సువర్ణ పక్కన నిలబడి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకు కోస్తున్నారు, కోస్తే ఏమవుతుంది, కోయకపోతే ఏమవుతుంది. కోత తప్పదని ఆ గదిలో అందరికీ తెలుసు, సువర్ణకు కూడా.

సగంలో నొప్పి వచ్చింది. సువర్ణ కమ్మీ పట్టుకుని వంగిపోయింది. నాగలత ఆగింది. రూప్లి పిడికిలి విప్పకుండానే కోడలి నడుము రాసింది. వార్డు నర్సు సిరా డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది.

నొప్పి తగ్గాక సువర్ణ మొహం తుడుచుకుంది.

"మొదటి నుంచి చెప్పు సిస్టర్" అంది.