ఝాన్సీ పుట్టినతేదీ

విశ్వవిద్యాలయం క్రీడా విభాగంలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న నరసింగరావుకి ఎంట్రీ ఫారాలు నింపడం కొత్తేమీ కాదు. వెయిట్‌లిఫ్టింగ్ అమ్మాయిల ఆరు ఫారాల్లో ఝాన్సీది ఆఖరున పెట్టుకున్నాడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఈసారి పతకం తెచ్చే పిల్ల ఆ ఒక్కతే. పదో తరగతి సర్టిఫికెట్ చూసి జూన్ పది అని రాశాడు. సంవత్సరం రాయబోయి ఆగాడు. వేళ్ళమీద లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. జూలై ఒకటికి పాతికేళ్ళు నిండకూడదని నిబంధన. ఝాన్సీకి నిండి ఆ తేదీకే ఇరవై రోజులు దాటిపోయింది.

పెన్ను మూతపెట్టి పక్కన పెట్టాడు.

మొన్న వేసవిలో ఎమ్మే అయిపోగానే చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు ఝాన్సీని ఆటల టీచరుగా రమ్మన్నారు. ఆపింది నరసింగరావే. "ఇంకో పీజీలో చేరిపో తల్లీ. ఇంకో ఏడాది ఆడొచ్చు. పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దానంతటదే వస్తుంది" అన్నాడు. వయసు సంగతేమిటని ఆ పిల్ల అడిగితే, "అదంతా నేను చూసుకుంటాను కదా" అన్నాడు. సర్టిఫికెట్ అప్పుడూ అతని గది బీరువాలోనే ఉంది. తీసి చూడాలని తోచలేదు.

బరువులెత్తే హాల్లోకి వెళ్ళేసరికి ఝాన్సీ చేతులకి చాక్ రాసుకుంటోంది. ఎత్తడం అయ్యేదాకా ఆగి, చెప్పేశాడు.

"ఆ తేదీ నాది కాదు సార్" అందామె, కంగారుగా. "నాను సిన్నదాన్ని. మాయమ్మకి తెలుసు."

ఇద్దరూ అతని బండి మీద రామతీర్థం అవతలున్న వాళ్ళ ఊరు వెళ్ళారు. తల్లి తవిటమ్మ పొలం నుంచి వచ్చి, కాళ్ళకి బురదతోనే గుమ్మంలో నిలబడి విన్నది.

"బడిలో ఏసినప్పుడు నాలుగేళ్ళు నిండనేదు బాబూ దానికి. శ్రావణంలో పుట్టినాది. నాను ఉడుపులకెల్లాల, పిల్లని ఎవుల్తో వదిలీను? మేస్టారికి దండం ఎట్టినాను. పోనీలే అని అయిదని రాసేసినారు. మంచోరే పాపం. అదిప్పుడు తప్పైపోనాదా?"

"ఆస్పత్రి కాయితం ఏదైనా ఉందా అమ్మా?"

"ఇంట్లోనే కన్నాను. కాయితం ఎవులిస్తారు?"

బడిలో పాత రిజిస్టరు దొరికింది. అందులోనూ జూన్ పదే. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ పద్మకుమారి ఝాన్సీ ముఖం చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక మేం ఒక్క అక్షరం మార్చలేం సార్. కోర్టుకి వెళ్ళాలి. ఏడాదో, రెండేళ్ళో పడుతుంది."

ఎంట్రీలకు గడువు శుక్రవారం.

తిరుగుదారిలో నెల్లిమర్ల వచ్చారు. రైల్వే గేటు పడి ఉంటే బండి ఆపాడు. గూడ్సు బండి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వెళుతుండగా ఝాన్సీ అడిగింది:

"అప్పుడే సూసుంటే ఆ ఉద్యోగానికి ఎల్పోదును కదా సార్?"

కోపంగా అడగలేదు. గేటు ఎత్తాక వెనక వాహనాలు హారన్లు కొడితేగాని బండి కదపలేకపోయాడు.

పోటీలకు అయిదుగురితోనే వెళ్ళాడు. ఝాన్సీ బరువు విభాగంలో వాళ్ళ విశ్వవిద్యాలయం తరఫున ఎవరూ లేరు. ఆ రోజు ప్రేక్షకుల వరసలో కూర్చుని చూశాడు. మొదటి స్థానం వచ్చిన అమ్మాయి ఎత్తినదానికి మరో అయిదు కిలోలు కలిపి ఝాన్సీ సెప్టెంబరులోనే ఎత్తింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళ మధ్య నుంచి లేచి బయటికి వచ్చేశాడు.

తిరిగొచ్చిన వారానికి ఝాన్సీ అతని గదికి వచ్చింది. విశ్వవిద్యాలయం ఇచ్చిన బెల్టూ బూట్లూ తుడిచి సంచిలో తెచ్చింది. చేతిలో నో డ్యూస్ కాగితం ఉంది.

"చదువు మానేస్తున్నావా అమ్మా?"

"ఆడ్డానికే కదా సార్ సేరినాను."

"చీపురుపల్లి వాళ్ళని మళ్ళీ అడిగి చూడు. నేను ఫోన్ చేస్తాను."

"అడిగినాను సార్. ఆ పోస్టులో ఇంకొకలు ఉన్నారు."

"మరేం చేస్తున్నావు?"

"అమ్మతో కోతలకెల్తన్నాను."

ఆమె చూపించిన చోట సంతకం పెట్టాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. అడిగితే ఆ పిల్ల, పర్లేదు సార్, అంటుంది. ఆ మాట కూడా ఆమె చేతే అనిపించడానికి అతనికి మనసొప్పలేదు.

"ఒంట్లో బాగుంటోందా? చిక్కిపోయావు."

"బరువులు మానేసినాక ఆకలెయ్యడం నేదు సార్" అని, కాగితం మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది.