అన్ని చీరల మీదా చలమయ్య పేరే

చీరాల దగ్గరి చేనేత సంఘంవాళ్లు, ప్రతి చీర చీటీ మీదా నేసినవారి పేరు ఉండాలని అడిగారు. ఆ సాఫ్ట్‌వేర్ రాసే పని గుంటూరులో ఉండే శ్రీరమ్యకు వచ్చింది. పేరు కోసం ఆమె డేటాబేస్ మోడల్‌లో సొంతంగా ఒక డిస్క్రిప్టర్, అంటే అడిగినదాన్ని బట్టి పేరు అందించే చిన్న కోడు ముక్క, రాసింది. చీరలన్నిటికీ మూసలాంటి 'చీర' అనే క్లాసును అడిగితే సంఘం పేరు చెప్పాలి, ఫలానా చీరను అడిగితే దాన్ని నేసినవారి పేరు చెప్పాలి. ఒక చీరతో పరీక్షించింది. రెండూ సరిగ్గానే వచ్చాయి. తన కోడు చూసుకుని కాస్త మురిసిపోయింది కూడా.

ఒంగోలు ఎగ్జిబిషన్‌లో హడావుడిగా చీటీలు అంటించి స్టాలు తెరిచారు. తీరా చూస్తే ప్రతి చీర మీదా చలమయ్య పేరే ఉంది.

"ఏం చలమయ్యన్నా, నా చీర మీద నీ పేరుందేంటి? ఎవరికి చెప్పి చేయించుకున్నావు?" అంది మాణిక్యమ్మ, నలుగురూ వింటుండగా.

ముప్పై ఏళ్లుగా మగ్గం మీదున్న మనిషి. కండువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

సంఘం కార్యదర్శి ఫోన్ చేస్తే, శ్రీరమ్య కోడు తెరిచి చూడనైనా లేదు. "ఎంట్రీలో తప్పు పడుంటుందండి. షిరీన్ ఒకే పేరు కాపీ చేసుంటుంది" అనేసింది. పేర్లు కంప్యూటర్లో ఎక్కించే షిరీన్ అందరి ముందూ మాటపడింది.

మధ్యాహ్నం డేటాబేస్ తెరిస్తే పేర్లన్నీ సక్రమంగా ఉన్నాయి. శ్రీరమ్య అప్పుడు తన కోడు తెరిచింది. క్లాసు మొత్తానికీ, అంటే చీరలన్నిటికీ కలిపి, డిస్క్రిప్టర్ ఒక్కటే. పేరును ఏ చీరకా చీర దగ్గర దాచకుండా ఆ డిస్క్రిప్టర్‌లోనే దాచింది తను. వచ్చిన ప్రతి చీరా అంతకుముందున్న పేరును చెరిపేసి తనది పెట్టింది. ఆఖరున వచ్చింది చలమయ్య చీర. ఒక్క చీరతో పరీక్షిస్తే ఇది బయటపడే తప్పు కాదు.

సరిచేయడానికి రెండు లైన్లు సరిపోయాయి. 'సర్వర్ సమస్య, సరిచేశాం' అని కార్యదర్శికి మెసేజ్ టైప్ చేసింది. పంపబోతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. చెరిపేసింది.

మర్నాడు పొద్దున్నే చలమయ్య ఇంటికి వెళ్లింది. ఆయన మగ్గం ఆపలేదు.

"తప్పు నాదండి. మీదీ కాదు, షిరీన్‌దీ కాదు."

"మాణిక్యమ్మకి చెప్పావా?"

"ముందు మీకు చెబుదామని..."

"నా తప్పు కాదని నాకు తెలుసు కదమ్మా. తెలియనోళ్లకి చెప్పు."

అక్కడినుంచి ఒంగోలు వెళ్లి, స్టాలులో అందరి ముందూ చెప్పింది.

"మరి నిన్న ఈ పిల్ల మీదకెందుకు నెట్టావు?" అడిగింది మాణిక్యమ్మ.

"చూడకుండానే చెప్పేశానండి" అంది శ్రీరమ్య.

షిరీన్ తలొంచుకుని పాత చీటీలు ఊడదీస్తోంది. శ్రీరమ్య పక్కన కూర్చుని సాయం చేయబోయింది.

"నేను చూసుకుంటాలెండి మేడమ్. మీరు కొత్తవి అచ్చు తీయండి."

మొన్నటిదాకా ఆ అమ్మాయి తనను అక్కా అని పిలిచేది.

కొత్త చీటీలు వచ్చాయి. మాణిక్యమ్మ తన పేరు చదువుకుని, పక్కకు వెళ్లి చలమయ్యకు ఫోన్ చేసింది. "నోరు జారాను అన్నా, రా" అంటోంది. ఆయన ఆ రోజు రాలేదు. మర్నాడు వచ్చి తన చీరల దగ్గర కూర్చున్నాడు.

శ్రీరమ్య షిరీన్‌ను క్షమాపణ అడిగింది. "పర్లేదు మేడమ్" అంది షిరీన్.