లూపులో మిగిలిపోయిన తీగ

మామగారి దుకాణంలో ముప్పై ఏళ్లుగా ఒకటే మాట నడుస్తోంది. చెడినదాన్ని బాగుచేస్తాం, బాగున్నదాన్ని ముట్టుకోం. రేడియో అయినా, మైకు సెట్టు అయినా, గిటారు యాంప్లిఫయర్ అయినా తయారైన రోజు ఎలా ఉందో అలాగే తిరిగి వెళ్లాలి. ఎవరైనా మార్పు చేసిపెట్టమంటే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "నేను వైద్యుణ్ణి, దర్జీని కాను" అనేవారు. అలా మార్పు కోసం వచ్చి, ఆయన కాదనలేక, చేయలేక పై అరలో పెట్టేసిన నల్ల యాంప్ ఒకటి నెల రోజులుగా అక్కడే దుమ్ము పట్టిపోతోంది.

కోడలు ఎలక్ట్రానిక్స్ చదివింది. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. దుకాణానికి వచ్చేవాళ్లు ఇంజనీరమ్మ అని పిలుస్తారు. అందులో సగం మెచ్చుకోలు, సగం ఎకసెక్కం. ఆమె రెండూ పట్టించుకోదు.

ఆ వారం గిటారు మేస్టారు తన యాంప్ మోసుకొచ్చి బల్ల మీద దించారు.

"ఎకో పెడల్ తగిలిస్తే చాలు, గొంతులో కఫం పట్టినట్టు గరగరలాడుతోంది. పెడల్ మార్చి చూశాను, అదే తంతు. శనివారం సాయంత్రం కచేరీ."

యాంప్ వెనక రెండు రంధ్రాలున్నాయి. ఒకదాంట్లోంచి శబ్దం, కాలితో నొక్కితే ప్రతిధ్వని కలిపే ఆ పెడల్ పెట్టెకి వెళ్తుంది, రెండోదాంట్లోంచి తిరిగి వస్తుంది. దాన్నే ఎఫెక్ట్స్ లూప్ అంటారు. కోడలు మీటరు పెట్టి చూసి తలెత్తింది.

"పెడల్‌లో లోపం లేదండీ. అది చిన్న గిన్నె, మీ యాంప్ బిందెతో పోస్తోంది. బయటికి వెళ్లేచోట తగ్గించి, లోపలికి వచ్చేచోట మళ్లీ అంత పెంచితే సరిపోతుంది."

"అంటే, మంచి చొక్కాకి చేతులు కత్తిరిస్తానంటావు" అన్నారు మామగారు.

"కత్తిరించను మామయ్యగారూ, మడతపెడతాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయొచ్చు."

మేస్టారు నవ్వారు. మామగారు నవ్వలేదు గానీ యాంప్‌ను ఆమె వైపు తిప్పారు.

"సరే అమ్మాయ్. ఇది చక్కగా పాడితే ఇకనుంచి మార్పుల పనులన్నీ నీవే. తేడా వచ్చిందా, ఈ బల్ల దగ్గర మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

"ఎత్తను."

శుక్రవారం ఆమె యాంప్ విప్పింది. ముందు కెపాసిటర్లలో దాగిన కరెంటు దించింది. షాకు తగిలినా గుండె మీదుగా పోకుండా, మామగారు నేర్పినట్టే ఎడమచేయి వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో మీటరు ఆనించి, సున్నా చూశాకే పనిలోకి దిగింది. బయటికి వెళ్లే రంధ్రం దగ్గర శబ్దం తగ్గించే రెండు రెసిస్టర్లు టంకం వేసింది, లోపలికి వచ్చేచోట ఒకటి మార్చింది. పెడల్ తగిలించి వింటే గరగర లేదు. పెడల్ తీసి, రెండు రంధ్రాలనూ కలుపుతూ దుకాణం పొట్టి తీగ పెట్టి విన్నా అంతే హాయిగా ఉంది.

"అయిపోయింది" అంటూ తీగ తీసి మేకుకు తగిలించింది.

శనివారం పొద్దున్న మేస్టారు వచ్చారు. పెడల్ ఇంట్లో ఉంది. వట్టి గిటారే తగిలించి ఒక్క తీగ మీటారు.

యాంప్ గర్జించింది. అలమార అద్దాలు గలగలలాడాయి. మేస్టారు చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నారు.

మామగారు చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టారు. ఆ మడతల కన్నా చీవాట్లే నయమనిపించింది ఆమెకు. అయినా తడబడలేదు. నిన్న పాడింది, ఈ రోజు అరుస్తోంది, మధ్యలో ఏం మారిందని తనను తాను అడిగింది. మేకుకు వేలాడుతున్న పొట్టి తీగ కనబడింది. తెచ్చి రెండు రంధ్రాలకూ పెట్టింది. శబ్దం బుద్ధిగా అణిగింది. తీసింది. మళ్లీ గర్జన.

"దొరికింది" అంది కోడలు. "ఏమీ తగిలించనప్పుడు లోపల చిన్న రేకు రెండు రంధ్రాలనూ కలుపుతుంది. దాని వైరు నేను తగ్గించకముందు చోటునే పట్టుకుని ఉంది. అందుకే బిందె నీళ్లు బిందెతోనే వచ్చి, పైగా ఇక్కడ మళ్లీ పెరుగుతున్నాయి. తీగ తీసి వినకపోవడం నా తప్పు. పావుగంట కూర్చోండి మేస్టారూ."

మళ్లీ కరెంటు దించింది, ఎడమచేయి వెనక్కి పెట్టుకుంది. ఆ ఒక్క వైరును విప్పి, తగ్గించిన తర్వాతి చోట అతికించింది. ఈసారి తీగతోనూ, తీగ లేకుండానూ, దుకాణంలోని పాత పెడల్‌తోనూ మూడుసార్లు వాయించి చూడమంది.

మేస్టారు కళ్లు మూసుకుని చాలాసేపు వాయించారు.

"తయారైన రోజున కూడా ఇంత బాగా పాడి ఉండదు" అన్నారు మామగారి వైపు చూసి. యాంప్ ఎత్తుకుని వెళ్లిపోయారు.

మామగారు పొట్టి తీగను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"పాత యాంపుల్లో రేకు మురికి పట్టి కలవదు. అందుకని ఏది వచ్చినా ముందు ఇది గుచ్చేయడం నా అలవాటు. నీకు అంటించింది నేనే."

"తీగ తీసి వినాల్సింది నేను కదా మామయ్యగారూ."

"అదీ నిజమే."

ఆయన స్టూలు ఎక్కి పై అరలోని నల్ల యాంప్ దించారు. మడతపెట్టిన గుడ్డ విప్పి దుమ్ము తుడిచి, ఆమె ముందుకు జరిపారు. కోడలు అలవాటుగా తీగ కోసం చెయ్యి చాచింది, అంతలోనే ఆగింది.

"ముందు తీగ లేకుండా" అన్నారాయన.

"తర్వాత తీగతో" అంటూ ఆమె స్విచ్చి వేసింది.