పొట్టు పోయిన దిక్కుకే

మదనపల్లెలో పుట్టిన భార్గవి బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఒక క్లబ్బులో గ్లైడర్ నడపడం నేర్చుకుంది. ఇంజను లేని విమానమది. వేడిగాలి పైకి లేపినంతసేపే ఎగురుతుంది. 1998 ఫిబ్రవరిలో ఆమె మొదటిసారి ఒంటరిగా దూరం వచ్చిన రోజునే, కుప్పం దాపున ఆ వేడిగాలి ఆగిపోయింది.

కింద కోసేసిన రాగిచేను కనిపించింది. కంగారులో గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండానే దిగింది. చక్రం నేలను తాకినా విమానం ఆగలేదు. చేను గట్టు దాటి, పక్కనున్న టమోటా తోటలో దూరి, మొక్కలకు ఆసరాగా నాటిన కొయ్యలు విరుచుకుంటూ పోయి నిలబడింది. ఒక రెక్క కొస విరిగింది. భార్గవికి మోచెయ్యి గీరుకుంది, అంతే.

కళ్లంలో రాగులు తూర్పారబడుతున్న రమణమ్మ చేట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. తోట ఆమెదే.

"బతికుండావామ్మా?"

"ఉండానమ్మా. నీ తోట పాడుచేసినాను."

"తోట లేస్తాది లే. ముందు నువ్వు లెయ్యి."

ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి కబురందుకుని, మూడు గంటల తర్వాత గురువు నారాయణస్వామి జీపులో వచ్చాడు. రిపోర్టు రాయడానికి కాగితాలు తీశాడు.

"ఏం జరిగింది?"

"ఉన్నట్టుండి గాలి తిరిగింది సార్," అంది భార్గవి, నేలచూపులు చూస్తూ.

"యాడ తిరిగిందమ్మా?" రమణమ్మ ఆశ్చర్యపోయింది. "పొద్దున్నుంచీ తూర్పు గాలే ఆడతాండాది. నా రాగుల పొట్టు అంతా పడమటికే పోయింది సూడు. నువ్వూ అట్లే పోతివి. గాలి ఎనక నుంచి తోస్తాంటే బండి యాల నిలస్తాది?"

నారాయణస్వామి లేచి కళ్లం దాకా వెళ్లాడు. పొట్టు పడమటికి పొడుగ్గా పరుచుకుని ఉంది. వెనక్కి వచ్చి కలం భార్గవి చేతికిచ్చాడు.

భార్గవి కాగితం దగ్గరికి లాక్కుంది. 'గాలి దిక్కు చూడలేదు. తప్పు నాదే' అని రాసింది. రాశాక గుండెలో బరువు దిగినట్టయింది.

"రెండు నెలలు ఎగరకుండా నేలమీదే ఉంటావు," అన్నాడాయన. "సాక్షి సంతకం కావల్ల గదా. రామ్మా రమణమ్మా."

రమణమ్మ చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఆపైన కొంగు బిగించి భార్గవిని పిలిచింది.

"రా, పొద్దుగూకే లోపల కొయ్యలు నాటుకుందాం. సార్, మీరూ ఒక పక్క పట్టండప్పా!"

ముగ్గురూ నవ్వుకుంటూ తోటలోకి దిగారు.